వాణిజ్యవిద్య – ముందుచూపు

మగ్గమును నమ్ముకొన్న మన వేటపాలెపు బిడ్డలు వాణిజ్యవిద్యకు బోవుట సంతోషము. కాని భవనముల సొగసు జూచి కళాశాల నెన్నుకొనరాదు. పూర్వ మొక శిష్యునకు మే మట్లే చెప్పితిమి. వానికి లభించినది విశ్వవిద్యాలయ పట్టము గాకపోవుటచే నతడు పై చదువు వాకిటనే నిలిచిపోయెను. దోషము మాది.

కావున ముందుగా మూడు విషయము లడుగుడు: పట్టమునకు విశ్వవిద్యాలయ గుర్తింపు గలదా? గణితము, గణాంకశాస్త్రము శ్రద్ధతో జెప్పుదురా? విదేశమున జదువదలచినచో నచట మూడేండ్ల పట్టము చెల్లునా, నాలుగేండ్లది వలయునా?

బి.బి.ఏ. యే కావలయునని భ్రమపడకుడు. 2015లో విశాఖపట్టణమున స్థాపితమైన ఐ.ఐ.ఎం. మొదలగు వానికై వ్రాయు క్యాట్ పరీక్షకు, నియమిత మార్కు లున్నచో, బి.కాం. మొదలుగా నే పట్టమైనను జాలును.

1918లో వెలసిన సారస్వతనికేతనము మన యూరనే కలదు. రుసుమునకై మగ్గ మమ్ముటకు ముందు, బిడ్డతో గూడ నచట నొకపూట కూర్చుండి విచారింపుడు.