ఎడమవాటపు నైలు నత్త



చెరువుగట్టున దొరికే నత్తగుల్లను ఒకటి చేతిలోకి తీసుకోండి. మొన పైకి, నోరు మీవైపుకు ఉండేట్టు పట్టుకోండి. నోరు మీ కుడిచేతి వైపు ఉంటుంది. మన చెరువుల్లోని పైలా నత్తల తీరు ఇంతే. వీటినే మా గంజాం బడిలో ఒడియా పిల్లలు గెండా అంటారు.

వీటి దాయాది ఒకటి ఈజిప్టులో, నైలు కాలువల్లో ఉంది. పేరు లానిస్టెస్ కారినేటస్. ఒలివియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1804లో దీన్ని వర్ణించాడు. మన నత్తలాగే దీనికీ నీటిలో మొప్ప, గాలికి ఊపిరితిత్తి, నోటికి మూత ఉన్నాయి. మనది తెల్లటి గుడ్లను గట్టున పెడితే, ఇది జిగురులాంటి ముద్దగా నీళ్ళలోనే పెడుతుంది. అసలు వింత వేరే ఉంది. ఇందాకటి తీరున పట్టుకుంటే దీని నోరు ఎడమవైపు వస్తుంది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పుట్టుకతో నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు బడిలో బెత్తం దెబ్బలతో కుడిచేతికి మార్పించారు. ఆ మంట ఇంకా పోలేదేమో, ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఎడమచేత్తో రాస్తోందని తోటివాళ్ళు నవ్వితే, ఈ నత్త సంగతి చెప్పి నోరు మూయించాను. తర్వాత చదివితే తెలిసింది, దాని గుల్ల చూపుకే ఎడమవాటం. లోపలి దేహం అమరిక మాత్రం మన నత్తలాగే కుడివాటం!

అదెలాగంటారా? తాడును చాపలా చుట్టి బల్లమీద పెట్టండి. నడిమి కొనను పైకి లాగితే ఒక వాటపు గోపురం లేస్తుంది. పైకి లాగకుండా అదే కొనను కిందికి తోసి, తిరగేసి చూడండి, రెండో వాటం కనిపిస్తుంది. చుట్ట మారలేదు, మొన వెళ్ళిన దిక్కు మారింది. లానిస్టెస్ గుల్లలో జరిగిందీ ఇదే.

మన దక్షిణావర్త శంఖం కథ వేరు. శాస్త్రజ్ఞులు మొన పైకి పెట్టి చూస్తారు కాబట్టి వాళ్ళ లెక్కలో అది ఎడమవాటం. మనం తలకిందులుగా పట్టుకుని కుడి అంటున్నాం. కాకపోతే దానిది లోపలా బయటా నిజమైన ఎడమవాటమే, అందుకే అంత అరుదు.

మర్నాడు తాడు పట్టుకెళ్ళి తరగతిలో నా తప్పు దిద్దుకున్నాను. ఆ అమ్మాయి లేచి, "మరి నేనో మాస్టారూ?" అంది.

"నువ్వు శంఖానివమ్మా" అన్నాను.

సెలవు.