పాటకు పదవీ విరమణ లేదు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కాబట్టి నన్ను కాసేపు నవ్వు గురించి మాట్లాడమన్నారు. ఒక ఇంగ్లీషు పాటగాడి కథ చెబుతాను. ఆయన పేరు మైక్ హార్డింగ్.

ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో క్రంప్సాల్ అనే పేటలో 1944 అక్టోబరులో పుట్టాడు. తండ్రి యుద్ధ విమానంలో దారి చూపే నావిగేటరు. బిడ్డ భూమ్మీద పడడానికి కొద్ది వారాల ముందే యుద్ధంలో చనిపోయాడు. తండ్రి ముఖమెరుగని ఆ పిల్లవాడే పెద్దయి ఊళ్ళకు ఊళ్ళను నవ్వించాడు.

అంతకు ముందు ఆయన చెయ్యని పని లేదు. రోడ్లు తవ్వాడు, చెత్త ఎత్తాడు, బస్సు కండక్టరుగా టిక్కెట్లు కొట్టాడు, బడిపంతులుగా పాఠాలు చెప్పాడు. సాయంత్రాలు జానపద గీతాల క్లబ్బుల్లో పాడేవాడు. వాద్యాలు శ్రుతి చేసుకునే సందులో జనం విసుక్కోకుండా నాలుగు కబుర్లు చెప్పేవాడు. క్రమంగా జనం పాటలతోపాటు ఆ కబుర్లకోసం కూడా రాసాగారు. మన బుర్రకథలో హాస్యగాడు వంత పాడుతూనే సభను కడుపుబ్బ నవ్వించడం మీకందరికీ తెలిసిందే. ఇదీ అలాంటిదే.

1975లో ‘రోచ్‌డేల్ కౌబాయ్’ అనే పాట రికార్డుగా వచ్చింది. వానలు కురిసే మిల్లుల ఊళ్ళో ఒకడు అమెరికా సినిమాల్లోలాగా గుర్రపు వీరుడు కావాలనుకుంటే పడే అగచాట్లే ఆ పాట. బ్రిటన్ పాటల పట్టికలో 22వ స్థానం దాకా ఎక్కింది. తన ఊరి యాసను మార్చుకోకుండానే దేశమంతా వినేలా చేశాడు. యాసను చూసి సిగ్గుపడే మన మనవలు ఇది గమనించాలి.

ఈ రోచ్‌డేల్ మనకు పరాయి ఊరేమీ కాదు సుమండీ! 1844లో అక్కడ 28 మంది పనివాళ్ళు కలిసి పెట్టుకున్న సరుకుల దుకాణమే సహకారోద్యమానికి దారి చూపింది. మనం సర్వీసులో ఉండగా అప్పు తీసుకున్న ఉద్యోగుల సహకార సంఘం ఆ మొక్కకు కాసిన కాయే.

ఆయనవన్నీ నవ్వు పాటలే కావు. 1914 క్రిస్మస్ నాడు ఇరుపక్షాల సిపాయిలూ తుపాకులు దించి కలుసుకున్న సంఘటన మీద పాట కట్టాడు. తాను చూడని తండ్రిని తలుచుకుని ‘బాంబర్స్ మూన్’ అనే పాట రాశాడు. నవ్వించేవాడి మనసులో ఏముందో చూడాలంటే అలాంటి పాట వినాలి.

1981లో మొదలైన ‘డేంజర్ మౌస్’ పిల్లల బొమ్మల సీరియల్‌కు సంగీతం కట్టాడు. కొండదారుల్లో నడక ఆయనకు ప్రాణం. హిమాలయాల్లో కూడా తిరిగి పుస్తకం రాశాడు. 1997 నుంచి 2012 దాకా పదిహేనేళ్ళు బీబీసీ రేడియో 2లో జానపద సంగీత కార్యక్రమం నడిపాడు.

ఇక మనకు కావలసిన సంగతి. 2012 చివర ఆ కార్యక్రమం ఆయన చేతినుంచి పోయింది. ఆయన కోరుకున్న విరమణ కాదది. అప్పటికి ఆయన వయస్సు 68.

నేను రిటైరైన కొత్తల్లో రోజూ తొమ్మిదింటికే భోంచేసి, చెప్పులేసుకుని వీధి అరుగుమీద కూర్చునేవాణ్ణి. “ఏవండీ, మీ బస్సు వెళ్ళిపోయి నెలయింది” అని మా ఆవిడ చెబితే అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు నేర్చుకున్న హార్మనీ పెట్టె అటకమీదే ఉన్న సంగతి అప్పటిదాకా గుర్తే రాలేదు.

హార్డింగ్ మాత్రం అరుగుమీద కూర్చోలేదు. వెంటనే ఇంటర్నెట్‌లో సొంతంగా జానపద కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆయన చేతినుంచి జారింది కుర్చీయే, పాట కాదు.

అయ్యా, అమ్మా! మన సంతకానికి విలువ పోయిన రోజున మనకు మిగిలేదేమిటి? ఉద్యోగంలో చేరకముందు మనకేది ఇష్టమో అదే. మీ ఇళ్ళల్లో కూడా అటకలున్నాయి. ఈ సాయంత్రం మనవడిచేత నిచ్చెన వేయించండి. మీరు మాత్రం ఎక్కకండి. మెడికల్ రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు తెలియనిది కాదు!