ఒకే మాట, రెండు అర్థాలు: ‘కాల్ బై రిఫరెన్స్’



జావా భాషలో ఒక ఆబ్జెక్టును మెథడ్‌కు ఏ పద్ధతిలో పంపుతాము? ఈ ప్రశ్నకు కొందరు ‘కాల్ బై వాల్యూ’ అని, కొందరు ‘కాల్ బై రిఫరెన్స్’ అని జవాబు చెబుతారు. ఇరువైపులా అనుభవం ఉన్నవారే ఉంటారు. మరి ఈ పేచీ ఎందుకు వచ్చింది?

ఒక ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర ఒక చీటీ ఉంది. దాని మీద ఒక ఇంటి చిరునామా ఉంది. ఆ చిరునామాను మరో చీటీ మీద రాసి మీ మిత్రుడికి ఇచ్చారు. అతడు ఆ ఇంటికి వెళ్ళి తలుపుకు ఆకుపచ్చ రంగు వేశాడు. మీరు వెళ్ళి చూసినా తలుపు ఆకుపచ్చగానే ఉంటుంది. తరువాత అతడు తన చీటీలోని చిరునామా కొట్టివేసి వేరొకటి రాసుకున్నాడు. మీ చీటీ మాత్రం మారలేదు. జావాలో జరిగేది సరిగ్గా ఇదే. ఇల్లు ఆబ్జెక్టు, చిరునామా రిఫరెన్స్.

తలుపు రంగు మారడం చూసినవారు దీనిని ‘కాల్ బై రిఫరెన్స్’ అన్నారు. కానీ ఆ మాటకు కచ్చితమైన అర్థం వేరు: మీ చీటీనే మిత్రుడి చేతిలో పెట్టడం. అప్పుడు అతడు కొట్టివేస్తే మీ చిరునామాయే పోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో యాంపర్‌సాండ్ గుర్తుతో ప్రకటించిన పారామీటర్ అలాంటిది. జావాలో చేరేది రిఫరెన్స్ నకలు మాత్రమే. కనుక అది ‘కాల్ బై వాల్యూ’యే. ‘రిఫరెన్స్’ అనే మాట ఒకచోట పంపే వస్తువుకు, మరొకచోట పంపే పద్ధతికి పేరు కావడమే ఈ గందరగోళానికి మూలం.

ఈ సమస్య జావాతో మొదలు కాలేదు. ఆల్గాల్ 60 భాషలో ‘కాల్ బై వాల్యూ’, ‘కాల్ బై నేమ్’ అనే రెండు పద్ధతులు ఉండేవి. 1970లలో ఎం.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ బృందం క్లూ అనే భాషను రూపొందించి, చీటీ నకలు వంటి పద్ధతికి ‘కాల్ బై షేరింగ్’ అని విడిగా పేరు పెట్టింది. 1995లో జావా వచ్చేనాటికి ఆ పేరు అంతగా వాడుకలోకి రాలేదు.

పేరులో ఏముందని అనుకోకండి. రెండు ఆబ్జెక్టులను తారుమారు చేసే స్వాప్ మెథడ్‌ను జావాలో రాసి చూడండి. పారామీటర్లు లోపల మారతాయి, బయటి వేరియబుల్స్ మారవు. కంప్యూటర్ ఏ దోషమూ చూపదు. ఫలితం మాత్రం తప్పు వస్తుంది.

అందుచేత పరీక్షలో గానీ, ఉద్యోగంలో గానీ పదం చెప్పి ఆగకండి. ‘ఈ మాటతో నా ఉద్దేశం ఇది’ అని ఒక వాక్యం చేర్చండి. వాదన వస్తే అయిదు పంక్తుల ప్రోగ్రాం రాసి, ఏది మారిందో, ఏది మారలేదో ఇద్దరూ కలిసి చూడండి.