యువ వాద్యదళములు – కళాశాల ప్రవేశములు

నా మిత్రులొకరు కృష్ణాతీరమున విశ్రాంతజీవితము గడుపుచున్నారు. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగి. మనుమడు అచటనే పుట్టి, అచటి ఉన్నత పాఠశాలలో పదునొకండవ తరగతి చదువుచుండెను. ఒకనాటి రాత్రి ఆ బాలుడు తాతగారికి ఫోను చేసి, “తాతయ్యా, నువ్వైనా నాన్నకు చెప్పు. నన్ను డ్రమ్ కోర్‌లోకి తీసుకున్నారు. వేసవంతా వాళ్ళతో తిరగాలి. నాన్న వద్దంటున్నాడు. ఈ వేసవి పోతే మళ్ళీ రాదు” అనెను. మరునాడు కుమారుడు ఫోను చేసి, “నాన్నగారూ, మీరు వాడికి వంత పాడకండి. వచ్చే ఏడు కాలేజీ దరఖాస్తులు. ఈ వేసవి పోతే మళ్ళీ రాదు” అనెను.

చూచితిరా! తండ్రియు కొడుకును పలికినది ఒకే వాక్యము. కాని వారి యర్థములు వేరు. నా మిత్రులకు ఏమియు పాలుపోలేదు. “అసలు ఈ డ్రమ్ కోర్ అనగా నేమి? అది చదువును పాడుచేయునదా, బాగుచేయునదా?” అని నన్నడిగిరి. మన రాష్ట్రములలో ఎందరి మనుమలో నేడు ఆ దేశమున పెరుగుచున్నారు. ఇట్టి ఫోను మరికొన్ని ఇండ్లకును వచ్చియుండవచ్చును. అందుచేత వారికి నేను చెప్పిన సమాధానమునే నేడు మీ ముందుంచుచున్నాను.

డ్రమ్ కోర్ అనగా యువకుల వాద్యదళము. ఇత్తడి బూరలు, పలు తరగతుల డ్రమ్ములు, రంగురంగుల పతాకములు త్రిప్పు బృందము – ఇవి దాని మూడు అంగములు. ఫుట్‌బాలు మైదానమున సుమారు నూట యేబది మంది యువతీయువకులు కవాతు చేయుచునే వాయించుచు, ఒక ఆకృతి నుండి మరియొక ఆకృతికి మారుచు, పది పన్నెండు నిమిషముల ప్రదర్శన మిత్తురు. ప్రథమ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట ఆ దేశమున మాజీ సైనికుల సంఘములు ఊరూర వెలసినవి. 1919లో స్థాపింపబడిన అమెరికన్ లీజియన్ వానిలో ముఖ్యమైనది. ఈ సంఘములును, కొన్ని చర్చీలును, స్కౌటు దళములును పేటలలోని బాలురను చేరదీసి బ్యూగిల్ ఊదుటయు, డ్రమ్ము వాయించుటయు నేర్పినవి. కాలక్రమమున దళముల పెద్దలకు ఆ సంఘముల నియమములు ఇరుకుగా తోచినవి. 1971లో కొన్ని దళములు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను స్వంత సంస్థను ఏర్పరచుకొన్నవి. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్ అను ఊర దాని మొదటి మహాపోటీ జరిగినది. 2009 మొదలుకొని ఆ పోటీలు పెక్కు సంవత్సరములు ఇండియానాపొలిస్ నగరమందలి గొప్ప క్రీడాంగణమున జరిగినవి. నాడు పేటలోని పిల్లలకు కాలక్షేపముగా పుట్టినది నేడు కఠోర సాధనగా మారినది.

ఆ సాధన యెట్టిదో వినుడు. నవంబరు, డిసెంబరు మాసములలో సభ్యులను పరీక్షించి ఎన్నుకొందురు. శీతాకాలమున నెలకొకమారు వారాంతపు శిబిరములు నడచును. మే నెల చివర అందరును ఒకచోట చేరి కొన్ని వారములపాటు ఉదయము నుండి రాత్రి వరకు సాధన చేయుదురు. అటుపై ఆగస్టు రెండవ వారము వరకు దేశసంచారము. రాత్రి ప్రదర్శన ముగియగనే బస్సెక్కుదురు. వేకువన మరియొక ఊరి పాఠశాల చేరి, అచటి వ్యాయామశాల నేలమీద పక్క పరచుకొని కొన్ని గంటలు నిద్రింతురు. లేచి మరల ఎండలో సాధన. లారీలో అమర్చిన వంటశాలలో వారికి వండి వడ్డించువారిలో పెక్కుమంది తల్లులు, తండ్రులు, పూర్వ సభ్యులు. వారికి జీతము లేదు.

ఇక తగవు ఎక్కడ వచ్చినదో చెప్పెదను. పదునొకండవ తరగతికిని పండ్రెండవ తరగతికిని నడుమ వచ్చు వేసవి అచటి తల్లిదండ్రుల దృష్టిలో బంగారము. ఆ రెండు నెలలలో పిల్లవాడు ఏదేని పరిశోధనశాలలో పనిచేయవలెను. శాట్ పరీక్షకు చదువవలెను. కళాశాలలు చూచి రావలెను. దరఖాస్తుకు వ్యాసము వ్రాయవలెను. వందలాది కళాశాలలకు ఉమ్మడిగా పనికివచ్చు కామన్ అప్లికేషన్ ఆగస్టు 1వ తేదీన తెరచుకొనును. అప్పటికి దళము ఇంకను దారిలోనే యుండును. ముందస్తు దరఖాస్తులకు పెక్కు కళాశాలలలో నవంబరు తొలి పక్షమే గడువు. అది ముగియునంతలో మరుసటి ఏటి దళమునకు ఎంపికలు మొదలగును. రెండు పంచాంగములును ఇట్లు ఒకదానితో నొకటి ఢీకొనును.

మన తెలుగు తండ్రికి ఈ తగవు మరింత బాధాకరము. అతడు ఇంటర్మీడియేటు రెండేండ్లు వసతిగృహపు నాలుగు గోడల నడుమ గడపినవాడు. గోడమీద అంటించిన ర్యాంకుల పట్టికలో తన పేరు వెదకికొన్నవాడు. ఒక్క పరీక్ష ఆసరాగా సముద్రములు దాటినవాడు. ఆ నిచ్చెన ఎంత సన్ననిదో అతనికి తెలియును. అతని భయమును హేళన చేయుట సులభమే కాని న్యాయము కాదు. పైగా మన యెంట్రన్సు పరీక్షలలో త్రాసు ఒక్కటే. అది క్రూరమైనదైనను కంటికి కనబడును. అచటి పేరుమోసిన కళాశాలలలో త్రాసులు పెక్కు. మార్కులు, వ్యాసములు, ఉపాధ్యాయుల సిఫారసులు, ఆటలు, సంగీతము, సమాజసేవ – వీనిలో ఏది యెంత తూగునో ఎవరును తేల్చి చెప్పరు. అందుచేత భయము తగ్గుటకు మారుగా హెచ్చినది. పిల్లవాని జీవితములోని ప్రతి వస్తువును త్రాసులో వేయు రాయిగా చూచుట అలవాటైనది.

అట్టి ఇంటిలో డ్రమ్ కోర్ మాట రాగానే మొదట పుట్టు ప్రశ్న, “దీనివలన సీటు వచ్చునా?” అనునది. పిల్లలును, దళముల అభిమానులును దీనికి వెంటనే, “వచ్చును, ఇది క్రమశిక్షణకు నిదర్శనము, కళాశాలలు మెచ్చుకొనును” అని జవాబు చెప్పుదురు. నా అభిప్రాయమున ఆ ప్రశ్న యెంత తప్పో ఈ జవాబును అంతే తప్పు. సీటు కొరకు అనినచో, సీటు రానినాడు ఆ వేసవి వ్యర్థమైనట్లే గదా! కామన్ అప్లికేషన్‌లో విద్యేతర వ్యాపకములకు పది గళ్ళు ఉన్నవి. ఒక్కొక్క వ్యాపకమును వర్ణించుటకు 150 అక్షరములకు మించి చోటు లేదు. వేసవి యంతయు ఎండలో నిలిచి నేర్చినది ఆ గడిలో ఇముడదు. ఇమిడించుటకే నేర్చినచో అది నేర్చినట్లు కాదు.

ఈ ధోరణి ముదిరిన ఫలమును లోకము 2019లో చూచినది. ఆ యేడు అమెరికా ప్రభుత్వము కొందరు ధనికులైన తల్లిదండ్రులపై నేరారోపణ చేసినది. తమ పిల్లలు ఎన్నడును ఆడని ఆటలలో వారిని క్రీడాకారులుగా చూపి, శిక్షకులకు లంచములిచ్చి సీట్లు సంపాదించిరని అభియోగము. పెక్కుమంది నేరము ఒప్పుకొని శిక్షలు పొందిరి. వ్యాపకము గడి నింపుటకే అయినపుడు, దానిని నిజముగా చేయనేల అని తోచుట వింత కాదు. అంతకు మూడేండ్ల ముందు, 2016లో, హార్వర్డ్ విద్యాశాఖకు చెందిన ఒక బృందము వెలువరించిన నివేదికలో కళాశాలలకు ఒక హితవు చెప్పబడినది: వ్యాపకముల సంఖ్యను గాక, వానియందు విద్యార్థికి గల శ్రద్ధను చూడుడు అని. హితవు మంచిదే. కాని శ్రద్ధను కూడ ప్రదర్శించి చూపవలసిన గుణముగా కొందరు మార్చుకొనరని ఎవరు చెప్పగలరు?

మరి డ్రమ్ కోర్ నిజముగా ఇచ్చునదేమి? ఒక చిన్న వివరము చెప్పెదను. ప్రతి సభ్యుని యొద్దను ఒక చిన్న పుస్తకము ఉండును. ప్రదర్శనలో ఏ స్వరమునకు తాను మైదానమున ఏ గీతకు ఎన్ని అడుగుల దూరమున నిలువవలెనో అందు వ్రాసికొనును. అయిదు గజములకు ఎనిమిది అడుగులు సాధారణపు కొలత. ఆ చోటు అతనిది, మరియొకడు నిలువడు. అతడు ఒక్కడు జ్వరపడినచో ఆ వలయమున ఒక కంత ఏర్పడును. గ్యాలరీలో చివరి వరుసన కూర్చున్నవానికి సైతము అది కనబడును. అయినను న్యాయనిర్ణేతలు అతనికి వేరుగా మార్కులు వేయరు. వందకు ఇన్ని యని మార్కులు వచ్చునది దళమంతటికిని కలిపి. అనగా, అతడు లేనిదే పని జరుగదు. కాని అతనికి ర్యాంకు లేదు. పుట్టినది మొదలు తన పేరు ప్రక్కన తన సంఖ్యను చూచుకొని పెరిగిన బిడ్డకు ఇది క్రొత్త పాఠము. నలుగురికి తాను అవసరమని తెలిసికొనుట, నలుగురిని మించుట కంటె వేరైన తృప్తి.

ఇట్లనుటచే తల్లిదండ్రులు కన్నులు మూసికొని ఔననవలెనని నా భావము కాదు. వారు అడుగవలసిన ప్రశ్నలు మూడు కలవు. మొదటిది డబ్బు. పెద్ద దళమున ఒక వేసవికి సభ్యత్వము కొన్ని వేల డాలర్లు. ప్రయాణపు ఖర్చులు అదనము. దళముల ఆర్థికస్థితియు ఒక్కతీరుగా లేదు. 1934లో న్యూజెర్సీలో పుట్టి ఎన్నో విజయములు గడించిన కాడెట్స్ దళమే 2024లో మూతపడినది. రెండవది ఆరోగ్యము. ఎండ, నిద్రలేమి, మోకాళ్ళు, వీపు, చెవులు – వీనిని గురించి వైద్యుని అడుగవలెను. మూడవది రక్షణ. 2018లో ఈ రంగమున యువసభ్యుల పట్ల జరిగిన దుష్ప్రవర్తనను గురించి తీవ్రమైన ఆరోపణలు పత్రికల కెక్కినవి. పిల్లలను చూచుకొనువారెవరు, ఫిర్యాదు ఎవరికి చేయవలెను అని నిలదీసి అడుగుట తండ్రి హక్కు, విధి కూడ. ఈ మూడింటిలో దేనికి సరియైన జవాబు రాకున్నను, వద్దనుట ప్రేమయే యగును.

వేసవి పోయినచో మరల రాదను మాటయు పూర్తిగా నిజము కాదు. ఈ దళములలో వయఃపరిమితి ఉన్నమాట వాస్తవమే; ఇరువది రెండేండ్లు నిండినవారు క్రొత్తగా చేరుటకు వీలులేదు. కాని పెద్ద దళములలో ఎక్కువమంది కళాశాల విద్యార్థులే. ఈ యేడు వీలుకానిచో, కళాశాలలో చేరిన పిమ్మట మరల ప్రయత్నింపవచ్చును. తక్కువ కాలము, తక్కువ దూరము తిరుగు చిన్న దళములును ఉన్నవి. తండ్రికి చెప్పవలసినది ఒక్కటే: వద్దనుటకు కారణములు ఉన్నచో చెప్పుము; కాని సీటును కారణముగా చెప్పకుము. ఏలయన, అది విన్న బిడ్డ నేర్చుకొనునది, తనకు ప్రియమైన ప్రతిదానిని దాచిపెట్టవలెననియో, అమ్మి చూపవలెననియో.

మన ఇండ్లలో మృదంగము నేర్చు పిల్లవానిని చూచి మురియుదుము. దానికి సీటు వచ్చునా అని తాత యడుగడు. దూరదేశమున మనుమడు మెడకు తగిలించుకొన్న డ్రమ్మును కూడ ఆ కంటితో చూచుట కష్టము కారాదు.

నా మిత్రులు కుమారునకు ఈ మాటలే చెప్పిరి. వారు ఆలోచించుకొని, ఖర్చు భరించలేమని పెద్ద దళము మానుకొని, దగ్గరి రాష్ట్రమందలి చిన్న దళమున బాలుని చేర్పించిరి. వ్యాసము తొలి ప్రతి జూన్‌కు ముందే వ్రాయవలెనని తండ్రి షరతు; బాలుడు వ్రాసెను. ఆగస్టులో దంపతులు ప్రదర్శన చూడబోయిరి. ఆ రాత్రి కుమారుడు ఫోనులో అన్న మాటలు మిత్రులు నాకు చెప్పిరి: “నాన్నగారూ, అందరూ ఒకే దుస్తుల్లో ఉన్నారు. చివరిదాకా వెదికాను. మనవాడు ఎవడో పోల్చుకోలేకపోయాను. కాని వాడు అక్కడ లేకపోతే మాత్రం నాకు తెలిసిపోయేది.”

కళాశాల ఫలితములు అప్పటికి ఇంకను రాలేదు. ఆ రాత్రి వాని ప్రసక్తి ఇద్దరిలో ఎవరును తేలేదట.