సంగటి ముద్ద ఆయన్నే తుంచనివ్వండి

పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పిన పెద్దాయనకు ఆక్యుపేషనల్ థెరపిస్టు ఏం నేర్పుతారు? సంగటి ముద్ద తుంచి ఊరిమిండిలో అద్దుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంబు ఎత్తడం. మళ్లీ తన పని తాను చేసుకోవడమే ఈ వైద్యం. అమెరికాలో పుట్టి మన కోడలైన కమలా నింబ్కర్ 1950లో బొంబాయిలో ఈ చదువుకు బడి పెట్టారు.

ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా చిక్కు ఒకటే. థెరపిస్టు ముందు అరగంట తంటాలుపడిన చెయ్యి ఇంటికి పోగానే ఒళ్లో ఊరికే పడి ఉంటుంది. "పాపం, నేనే తినిపిస్తాలే" అంటుంది భార్య. ప్రేమే, కాదనలేం. కానీ ముద్ద చల్లారినా సరే, ఆయన్నే తుంచనివ్వాలి. గిన్నె జారుతుంటే కింద తడిగుడ్డ పరిస్తే చాలు.

ఇంటివాళ్లు ఇంతమాత్రం నేర్చుకుంటే థెరపిస్టుకూ ఊపిరాడుతుంది. లేకపోతే ఆమె పని ముగించుకుని పులివెందులలో బస్సు దిగేసరికే చీకటి, ఆపైన రాత్రి దాకా రోగుల ఇళ్ల నుంచి ఫోన్లు. సొంత బిడ్డకు అన్నం పెట్టేది జేజి. ఏడింటికి ఫోను పక్కన పెట్టగలిగితే, ఆ బిడ్డ బూటు లేసు తనే కట్టుకోవడానికి పడే పాట్లు కూర్చుని చూడొచ్చు. అయితే పొద్దున బడి బస్సు హారన్ కొట్టిందంటే, ఆ థెరపిస్టమ్మే వంగి చకచకా కట్టేస్తుందనుకోండి!