ద్వారంవారి ప్లేటు

మా దువ్వాడ యింట లక్కతో చేసిన గ్రామఫోను ప్లేటొకటి యున్నది. అందు ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు వినవచ్చును. వారు 1936లో విజయనగర సంగీత కళాశాల కధ్యక్షులైరి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నా ప్లేటు ప్రక్క కించుమించు మూడు నిమిషములే పలుకును. వారి కచేరీలు గంటలకొలది విన్న మా తండ్రిగారు, "ఇది తీర్థమే గాని భోజనము కా"దనెడివారు.

1974లో, ఘంటసాలవారి మరణానంతరము, వెలువడిన భగవద్గీత రికార్డు మెల్లగా తిరుగుచు ప్రక్కకు 20 నిమిషములకు పైగా పాడును. అక్షరము రాని మా నాయనమ్మ దానిని వినియే శ్లోకములు నేర్చెను. నేను బడిలో చెప్పినపు డంత సులువుగా నెవరికిని రాలేదు, ఒప్పుకొనవలసినదే.

ద్వారంవారి ప్లేటిపుడు బీటవారినది. ముల్లు పెట్టినచో చుట్టుచుట్టునకు టక్కుమనును. పాతసామానులవాడు రెండుమా ర్లడిగినాడు, ఈయలేదు. మీ యటకలపై నట్టివున్నచో నిలువుగా నుంచుడు. ఒకదానిపై నొకటి పేర్చినచో లక్క వంగును.