మన ఇంగ్లీషులోని తెలుగు

(కువైట్‌లో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు ఇంగ్లీషు వ్యాకరణం గురించి మాట్లాడతామని చెప్పగానే కార్యవర్గంలోని మిత్రులు కాస్త కంగారుపడ్డారు. పంచాంగ శ్రవణం అయిన వెంటనే ఇదెక్కడి గ్రహచారమండీ అన్నారు ఒకరు. అందుచేత ముందుగా కారణం మనవి చేసుకుంటాము.

మాకు తెలిసిన ఒక తల్లి అబ్బాసియాలో ఉంటున్నది. ఊళ్ళో డిగ్రీ దాకా చదివిన మనిషి. ఏడో తరగతి చదివే కొడుక్కి జ్వరం వచ్చి మూడు రోజులు బడికి పోలేదు. నాలుగోనాడు తానే వాణ్ణి తీసుకుపోయి, టీచరుగారితో ‘మై సన్ ఈజ్ హావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’ అని చెప్పింది. టీచరుగారికి అర్థమైంది, తల ఊపారు. పక్కనున్న పిల్లలిద్దరు మాత్రం కిసుక్కున నవ్వారు. ఇంటికి వచ్చాక కొడుకు, ‘ఈసారి నువ్వు రావద్దమ్మా, నాయన్ను పంపించు’ అన్నాడు. ఆ మాట తరువాత ఆవిడ ఆ బడి గడప తొక్కలేదు. అంతకన్నా కష్టమైన సంగతి, ఇంట్లో కూడా వాడి ముందు ఒక్క ఇంగ్లీషు ముక్క పలకడం మానివేసింది.

ఆవిడ వాక్యంలో తప్పులు లేవని మేము అనము. ఉన్నవి. కాని అవి తెలియనితనం వల్ల వచ్చినవి కావు. తెలుగు బాగా తెలియడం వల్ల వచ్చినవి! కాస్త నిదానించి చూద్దాము.

‘మూడు రోజుల నుంచి జ్వరం’ అంటాము. ‘సోమవారం నుంచి జ్వరం’ అని కూడా అంటాము. రెండింటికీ మనకు ఒకటే ‘నుంచి’. ఇంగ్లీషువారి లెక్క వేరు. మొదలైన రోజు చెబితే ‘సిన్స్’, గడిచిన కాలాన్ని కొలిచి చెబితే ‘ఫర్’. సిన్స్ అంటే నుంచి అని మనం చిన్నప్పుడు నేర్చుకున్న అర్థం సగమే నిజమన్నమాట. ఇక క్రియ సంగతి. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న దాన్ని తెలుగులో వర్తమానంలోనే చెబుతాము: ‘పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాము’. దాన్నే మాటకు మాట పెట్టి ‘వియ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటాము. వారికి అటువంటి సందర్భానికి నిన్ననూ నేటినీ కలిపి ముడివేసే రూపం ఒకటి ప్రత్యేకంగా ఉన్నది: ‘హావ్ లివ్డ్’, లేదా ‘హావ్ బీన్ లివింగ్’. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం ముందు పెట్టుకుని దీని పేరు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని మనమంతా వల్లించిన వాళ్ళమే. దాని అవసరం ఏమిటో, తెలుగువాడు సరిగ్గా అక్కడే ఎందుకు జారిపడతాడో మాకు ఎవరూ చెప్పలేదు.

‘హావింగ్’ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. తెలుగులో ‘హావ్’ అనే క్రియే లేదు. ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’, ‘నా దగ్గర పది దినార్లు ఉన్నవి’ అంటాము. పిల్లలు నాకు, డబ్బు నా దగ్గర. (రెండోది ఎంతోసేపు ఉండదు గనుక కాబోలు!) ఇన్ని తీరుల్ని ఇంగ్లీషు ఒక్క ‘హావ్’లో కుక్కుతుంది. పైగా ఉన్నది, కలిగినది అనే అర్థంలో దానికి చివర ‘ఇంగ్’ తగిలించనివ్వదు. మనకేమో ‘ఉంటున్నాను’ అన్న రూపం నోట్లో ఆడుతూనే ఉంటుంది. అదే వెళ్ళి ‘హావింగ్’ అయి కూర్చుంటుంది.

ఇక్కడ కువైట్‌లో ఇంకో విశేషం గమనించారా? అరబ్బీలోనూ ‘నాకు ఉంది’ అనడానికి ‘ఇందీ’ అంటారు. ‘నా దగ్గర’ అని దాని అర్థం. అక్కడా ‘హావ్’ లేదు. ‘మా నాయన డ్రైవరు’ అన్నప్పుడు మనకు మధ్యలో ‘ఈజ్’ అక్కరలేదు. వర్తమానంలో అరబ్బీకీ అక్కరలేదు. బఖాలాలో కొట్టువాడు ‘దిస్ గుడ్’ అన్నాడంటే వాడూ మన వంటివాడే, సొంత భాష నడకలో ఇంగ్లీషు నడుస్తున్నాడు. ఇళ్ళల్లో పనికి వచ్చిన మన కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు బడిమెట్టు ఎక్కకుండానే అరబ్బీ పట్టేశారంటే, వారి చెవి పదును ఎలాగూ ఉన్నది, ఈ పోలికలు కూడా కొంత తోడ్పడి ఉంటాయని మా అభిప్రాయం.

ఒక్క చోట మాత్రం అరబ్బీ మనల్ని విడిచి ఇంగ్లీషు వైపు చేరుతుంది. ‘ది’ అనే దానికి వారికి ‘అల్’ ఉన్నది. మనకు అటువంటి ముక్క లేదు. అందుకే మన వాక్యాల్లో ‘ఎ’లూ ‘ది’లూ రాలిపోతూ ఉంటాయి. అయితే ఆ భేదం మనకు తెలియదనుకుంటే పొరపాటు. ‘పుస్తకం తెచ్చాడు’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘పుస్తకాన్ని తెచ్చాడు’ అంటే మనమిద్దరం అనుకున్న ఆ పుస్తకం అన్న ధ్వని వస్తుంది. వారు ముందు పెట్టేదాన్ని మనం చాలాసార్లు వెనక విభక్తితో సాధిస్తాము. పిల్లలూ, మీ ‘ది’ మీకు ఎంత సహజమో, ఆ ‘ని’ మీ అమ్మకు అంత సహజం.

‘ఐ యామ్ యాంగ్రీ’ అంటాడు ఇంగ్లీషువాడు, మనిషే కోపం అయిపోయినట్లు. మనకు కోపం వస్తుంది, చుట్టంలాగా. వచ్చింది గనుక పోతుంది కూడా. ఏది నయమో గృహస్థులే తేల్చుకోవాలి.

ఇంతకూ ఈ తంటాలు మనకొక్కరికే కాదు. 1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. వచ్చినప్పుడు కష్టం ఆయనది. అక్కడి పండితుల దగ్గర కూర్చుని నేర్చుకుని, 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగళా ఉన్నచోటే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయం ఉన్నది. ఆ గ్రంథాలయం ముందునుంచే రోజూ బస్సులో పోయి చదువుకున్న వాళ్ళు ఈ సభలో తప్పక ఉంటారు. దొర కడపకు పోయి తెలుగు నేర్చుకున్నాడు. కడపవాళ్ళు ఎడారికి వచ్చి ఇంగ్లీషూ అరబ్బీ నేర్చుకుంటున్నారు. మొదట్లో ఆయన తెలుగులో ఎంత ఇంగ్లీషు వినిపించి ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ పుట్టి తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంకో పుస్తకం కూడా ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్ గారు కలిసి రాసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులోనే ఉన్నది. కాస్త పెద్ద పిల్లలకు పనికివస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. ఫర్వానియాలో పుట్టి పెరిగిన ఒక పదేళ్ళ పాప ఒక శుక్రవారం వంటింట్లోకి వచ్చి, ‘అమ్మా, సాయంత్రం మేము సముద్రం దగ్గరికి వెళ్తున్నామా?’ అని అడిగింది. తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. ‘మీరే వెళ్తారా? నేను రావద్దా?’ అన్నది. పాపకు ఏమీ అర్థం కాలేదు. తన మనసులో ఉన్నది ‘వియ్’. ఇంగ్లీషుకు ‘వియ్’ ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకున్నామో వదిలేశామో అది చెప్పదు. తెలుగు చెప్పకుండా ఊరుకోదు. నువ్వూ ఉంటే మనం, నువ్వు లేకుంటే మేము. (ఈ వేదికమీద ఒక్కరమే నిలబడి ‘మేము’ అనడం వేరే వ్యవహారం. అది వ్యాసాలు రాసేవాళ్ళ జబ్బు, మన్నించాలి.) ‘మన ఇల్లు’ అనవలసిన చోట మనవరాలు ఫోనులో ‘మా ఇల్లు’ అంటే రాజంపేటలోని అవ్వకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఆ పాప చేసిన తప్పు, ఆ తల్లి చేసిన తప్పు ఒకే రకానివి. ఒకరి ఇంగ్లీషులో తెలుగు మాట్లాడుతున్నది, ఇంకొకరి తెలుగులో ఇంగ్లీషు మాట్లాడుతున్నది. తేడా ఒక్కటే. పాప తప్పుకు ఎవరూ నవ్వలేదు. తల్లి దగ్గరికి తీసుకుని, ‘నేనూ వస్తే మనం అనాలమ్మా’ అని చెప్పింది.

దరఖాస్తులో, ఇంటర్వ్యూలో, ఆఫీసు రిపోర్టులో ‘సిన్స్ త్రీ డేస్’ అని రాయకూడదు. తప్పు దిద్దుకోవలసిందే, దిద్దవలసిందే. ఎలా దిద్దాలన్నదే మా బెంగ. ఆ అబ్బాసియా తల్లికి మేము చెప్పిన ఉపాయం ఒక నోటు పుస్తకం. ఎడమ పేజీలో ఆవిడ ఇంగ్లీషు వాక్యాన్ని కొడుకు సరిచేసి రాయాలి. రాసి ఊరుకోకూడదు. తెలుగులో ఆ మాట ఎలా అంటారో అమ్మను అడిగి, ఆ వాక్యం కూడా కింద రాయాలి. కుడి పేజీలో వాడి తెలుగు తప్పులు ఆవిడ రాయాలి. మొదటి వారం వాడు ముఖం ముడుచుకున్నాడట. రెండో వారం ‘నుంచి’ దగ్గర ఆగి, ‘అయితే అమ్మా, నువ్వు అన్నది తెలుగులో కరెక్టే కదా’ అన్నాడట.

ఆవిడ ఇంకా బడికి పోవడం మొదలుపెట్టలేదు. కాని పుస్తకం సాగుతున్నది. మొన్న చూపించింది. ఎడమవైపు పదకొండు పేజీలు నిండినవి, కుడివైపు ఇరవై మూడు.

వంటశాల నుంచి కబురు వచ్చింది. సెలవు.